ఒకటో నంబరు రోడ్డు మీద రాత్రి బస ఎక్కడ?

లాంగ్ వీకెండ్ దగ్గర పడుతోందంటే చాలు, బే ఏరియాలో మనవాళ్ళ మధ్య ఒకటే చర్చ. "హైవే వన్ మీద లాస్ ఏంజెలెస్ దాకా డ్రైవ్ చేద్దామనుకుంటున్నాం, మధ్యలో రాత్రికి ఎక్కడ ఆగితే బావుంటుంది?" అని. ఆ రోడ్డు మీద నేను చాలాసార్లు తిరిగాను కాబట్టి ఈ ప్రశ్న నా దాకా కూడా వస్తూ ఉంటుంది. అడిగేవాళ్ళ లెక్కలు ఎప్పుడూ ఒకటే. రాత్రికి ఎంత? బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీయేనా? గదిలో మైక్రోవేవ్ ఉందా? రివ్యూల్లో ఎన్ని చుక్కలు? ఈ లెక్క తప్పని నేననను. చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళకి మైక్రోవేవ్ విలువ ఏమిటో నాకూ తెలుసు :). కానీ ఈ లెక్కతో వెతికితే ఎయిర్‌పోర్టు పక్కన దొరికే గదే సముద్రం పక్కన కూడా దొరుకుతుంది. అదే కార్పెట్, అదే కాఫీ మిషను, మంచం పైన గోడకి అదే బొమ్మ.

నా మటుకు నాకు ఆ తీరంలో చూడాల్సింది సముద్రం ఒక్కటే కాదు. సముద్రాన్ని పగలు కారులోంచి ఎవరైనా చూడొచ్చు, దానికి గదితో పనిలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్ లూయిస్ ఒబిస్పో దాకా ఉన్న తీరంలో గత రెండున్నర శతాబ్దాల్లో ఒక్కో తరం ఒక్కో రకం బస కట్టి వెళ్ళింది. మత గురువులు, దీపస్తంభం కాపలాదారులు, కాలేజీ అమ్మాయిలు, ఒక వలస వడ్రంగి, మౌన సన్యాసులు, కారు కొనుక్కున్న మధ్యతరగతివాళ్ళు... అందరికీ ఇక్కడొక గూడు ఉంది. అందుకని గది వెతికేటప్పుడు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. దీన్ని మొదట ఎవరికోసం కట్టారు? ఆ రోజుల్లో ఎవర్ని రానివ్వలేదు? ఇన్నాళ్ళూ పడిపోకుండా ఎవరు నిలబెట్టారు? ఈ మూడింటికీ జవాబున్న చోటు దొరికితే మైక్రోవేవ్ లేకపోయినా సర్దుకుపోతాను. నాకు తెలిసిన జవాబులు కొన్ని, కాలక్రమంలో చెబుతాను.

ముందుగా మిషన్లు. స్పెయిన్ వాళ్ళు 1769లో శాన్ డియేగోలో మొదలుపెట్టి, 1823లో సొనోమా దాకా మొత్తం 21 కేథలిక్ మిషన్లు కట్టారు. వాటిని కలిపే బాట పేరు 'ఎల్ కమినో రియాల్', అంటే రాజమార్గం. 101 హైవే పక్కన వంకీ తిరిగిన ఇనుప కంబానికి వేలాడే గంటలు మీరు చూసే ఉంటారు. అవి స్పెయిన్ కాలంనాటివి అనుకుంటారు చాలామంది. కాదు. పాత బాటని గుర్తు చేయడానికి, పనిలో పనిగా నాలుగు కార్లని ఇటువైపు రప్పించడానికి 1906 నుంచి పాతడం మొదలుపెట్టిన గంటలవి. "ఒక్కో మిషన్‌కీ మధ్య సరిగ్గా ఒక రోజు ప్రయాణం" అన్న మాట కూడా అలాంటిదే. వాటిని వరసలో కట్టలేదు, యాభై ఏళ్ళకి పైగా ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన, మధ్యలో ఖాళీలు పూరించుకుంటూ కట్టారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, హోటళ్ళు లేని ఆ రోజుల్లో దారిన పోయేవాళ్ళకి మిషన్లే సత్రాలు. గుర్రం దిగినవాడికి అన్నం పెట్టి, పడక చూపించి, మర్నాడు సాగనంపేవాళ్ళు. వినడానికి మన సత్రంలాగే ఉంది కదా? కానీ ఆ అన్నం వండిందెవరు, ఆ ఇటుకలు చేసిందెవరు అని అడిగితే కథ మారిపోతుంది. ఓలోనీ, ఎస్సెలెన్, సాలినన్, చూమాష్ తెగలవాళ్ళు ఈ నేలకి సొంతదారులు. ఒకసారి బాప్టిజం తీసుకున్నాక అనుమతి లేకుండా మిషన్ వదిలి వెళ్ళడానికి వాళ్ళకి వీల్లేదు. పారిపోతే సైనికులు వెతికి పట్టుకొచ్చేవాళ్ళు, కొరడా దెబ్బలు ఉండేవి. యూరప్ నుంచి వచ్చిన జబ్బులకి వేలమంది పోయారు. మిషన్లని మొదలుపెట్టిన హునిపెరో సెర్రా సమాధి కార్మెల్ మిషన్‌లోనే ఉంది. 2015లో పోప్ ఆయన్ని సెయింటుగా ప్రకటిస్తే ఈ తెగల వారసులు చాలామంది వ్యతిరేకించారు. అతిథికి మర్యాద, ఇంట్లోవాడికి చెర. ఈ తీరంలో మొదటి బస చరిత్ర ఇది.

కార్మెల్ మిషన్‌లో మనకి గది దొరకదు గానీ, దానికి దగ్గర్లోనే మిషన్ రాంచ్ అని ఒక పాత డెయిరీ ఫారం ఉంది. ఇప్పుడది హోటలు. కిటికీలోంచి చూస్తే గొర్రెలు మేసే పచ్చిక బయలు, దాని వెనక సముద్రం. 1980లలో దాన్ని పడగొట్టి కాండోలు కట్టే ఆలోచన నడుస్తుంటే 1986లో క్లింట్ ఈస్ట్‌వుడ్ కొనేశాడు. అదే ఏడాది ఆయన ఆ ఊరికి మేయరుగా కూడా గెలిచాడు, రెండేళ్ళు చేశాడు. మన మూడో ప్రశ్నకి ఇదొక జవాబు. డబ్బున్న మనిషి ఒకడు అడ్డం పడితే నిలబడ్డ చోటు.

డబ్బు లేనివాళ్ళకి కూడా ఈ తీరంలో మంచి చోటుంది. దానికి మళ్ళీ ఉత్తరంగా, శాన్‌ఫ్రాన్సిస్కో వైపు రావాలి. అక్కడినుంచి దక్షిణంగా 50 మైళ్ళ దూరంలో పిజియన్ పాయింట్ దీపస్తంభం ఉంది. ఆ పేరు పావురాల వల్ల వచ్చింది కాదు. 1853లో 'క్యారియర్ పిజియన్' అనే ఓడ పొగమంచులో దారి తప్పి అక్కడి రాళ్ళకి కొట్టుకుంది, ఆ ఓడ పేరే కొండకొమ్ముకి మిగిలింది. ఆ తర్వాత కూడా ఓడలు మునుగుతూనే ఉన్నాయి. 1872 నవంబరులో దీపం వెలిగించారు. స్తంభం ఎత్తు 115 అడుగులు. అందులో పెట్టిన ఫ్రెనెల్ లెన్స్‌లో 1,008 గాజు పట్టకాలు ఉన్నాయి. ఒక చిన్న నూనె దీపం వెలుతురుని ఇరవై మైళ్ళ అవతలికి తోయడానికి చేసిన ఏర్పాటు అది. ఎలక్ట్రానిక్స్ లేకుండా ఉత్త గాజుతో సాధించిన ఇంజనీరింగ్ అన్నమాట. స్తంభం బలహీనపడటంతో 2011లో ఆ లెన్స్‌ని కిందికి దించి పక్కనున్న భవనంలో పెట్టారు. కాబట్టి ఇప్పుడు మెడ ఎత్తి చూసే పని లేదు, ఎదురుగా నిలబడి చూడొచ్చు.

1974లో దీపం ఆటోమేటిక్ అయింది. ఆటోమేషన్ వచ్చాక ఏమవుతుందో మన ఫీల్డులో వాళ్ళకి వేరే చెప్పాలా? కాపలాదారుల ఉద్యోగాలు పోయాయి, క్వార్టర్లు మిగిలాయి. ఆ క్వార్టర్లనే తర్వాత హాస్టల్ చేశారు. బంకు మంచాలు, ఉమ్మడి వంటిల్లు. మనవాళ్ళు ఉమ్మడి వంటిల్లు అనగానే మొహం చిట్లిస్తారు గానీ, నాలుగు రోజులు బ్రెడ్డూ ఫ్రైసూ తిన్నాక స్టవ్వు మీద పోపు వేసుకునే అవకాశం ఏ రిసార్టు ఇస్తుంది చెప్పండి? :)

అక్కడికి పాతిక మైళ్ళు ఉత్తరాన పాయింట్ మొంటారా అనే చోట కూడా ఇలాంటిదే ఇంకో హాస్టల్ ఉంది. అక్కడి దీపస్తంభం 30 అడుగుల ఎత్తు, చూడటానికి బుడ్డది. దాని కథ మాత్రం పెద్దది. 1881లో దేశానికి అవతలి ఒడ్డున, మసాచుసెట్స్‌లోని వెల్‌ఫ్లీట్ అనే ఊళ్ళో నిలబెట్టిన ఇనుప స్తంభం అది. అక్కడ దాని అవసరం తీరాక విప్పి పడమటికి పంపారు, 1928లో మొంటారాలో బిగించారు. వెల్‌ఫ్లీట్ జనం మాత్రం తమ దీపస్తంభాన్ని ఎప్పుడో తుక్కు చేసేశారనే అనుకుంటూ వచ్చారు. 2008లో గానీ ఆ రెండూ ఒకటేనని చరిత్ర పరిశోధకులకి తెలియలేదు. ఎనభై ఏళ్ళపాటు డాక్యుమెంటేషన్ లేకుండా ప్రొడక్షన్‌లో నడిచిన సిస్టమ్ అన్నమాట.

ఇక నాకు బాగా ఇష్టమైన చోటుకి వద్దాం. మాంటెరే పక్కన పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి చివర ఇసుక దిబ్బల మధ్య, పైన్ చెట్ల కింద అసిలొమార్ అని ఒక విడిది. 1912లో వై.డబ్ల్యు.సి.ఎ. అమ్మాయిలు ఫీబీ హర్స్ట్ అనే ధనికురాలి ఎస్టేటులో గుడారాలు వేసుకుని సమావేశం జరుపుకున్నారు. ఏటా జరుపుకోవడానికి సొంత జాగా ఒకటి ఉండాలనిపించింది. ఒక కంపెనీ 30 ఎకరాలు ఇచ్చింది, ఫీబీ హర్స్ట్ గుడారాలూ సామానూ ఇచ్చింది. 1913లో మొదలైంది. పేరు పెట్టడానికి పోటీ పెడితే ఒక స్టాన్‌ఫర్డ్ విద్యార్థిని స్పానిష్ మాటలు రెండు కలిపి 'అసిలొమార్' అంది. సముద్రం పక్కన ఆశ్రయం అని అర్థం.

భవనాలు గీయడానికి జూలియా మోర్గన్‌ని పెట్టుకున్నారు. పారిస్‌లోని ప్రసిద్ధ కళాశాల ఎకోల్ దే బోజార్‌లో ఆర్కిటెక్చర్ చదవడానికి సీటు సంపాదించిన మొదటి మహిళ, 1904లో కాలిఫోర్నియాలో లైసెన్సు పొందిన మొదటి మహిళా ఆర్కిటెక్ట్ ఆవిడ. అసిలొమార్‌లో ఆవిడ వాడినవన్నీ చుట్టుపక్కల దొరికే సరుకులే, రాళ్ళూ రెడ్‌వుడ్ చెక్కా. దూలాలు దాచకుండా కనపడేలా వదిలేశారు. పెద్ద హాల్లో నిప్పుగూడు ముందు కూర్చుంటే ఎవరో చుట్టాలింటికి వచ్చినట్టుంటుంది తప్ప హోటల్లా ఉండదు. హాస్టలు జీతం, అంటే చిన్న ఉద్యోగాల్లో ఉండే అమ్మాయిలు నాలుగు రోజులు భయం లేకుండా ఉండటానికి కట్టిన చోటు మరి.

ఇక్కడొక తమాషా ఉంది. ఫీబీ హర్స్ట్ కొడుకు పేరు విలియం రాండాల్ఫ్ హర్స్ట్, పత్రికాధిపతి. 1919లో ఆయన ఇదే జూలియా మోర్గన్‌ని పిలిచి, వంద మైళ్ళు దక్షిణాన శాన్ సిమియన్ కొండ మీద తనకోసం ఒక ఇల్లు కట్టమన్నాడు. అదే హర్స్ట్ క్యాసిల్. 1947 దాకా కడుతూనే ఉన్నారు. చార్లీ చాప్లిన్ లాంటివాళ్ళు అక్కడ అతిథులు. 1951లో ఆయన పోయాడు, 1957లో కుటుంబం దాన్ని రాష్ట్రానికి ఇచ్చేసింది, 1958 నుంచి జనం టికెట్టు కొనుక్కుని చూస్తున్నారు. కానీ రాత్రికి ఎవరూ ఉండటానికి లేదు. తల్లి సాయంతో అమ్మాయిల కోసం లేచిన చోట వందేళ్ళ తర్వాత కూడా మీరూ నేనూ గది తీసుకోవచ్చు. కొడుకు ఒక్కడి కోసం లేచిన చోట సాయంత్రానికి బస్సెక్కించి పంపేస్తారు. కట్టింది మాత్రం ఒకే మనిషి. జూలియా మోర్గన్ 1957లో పోతే, అమెరికన్ ఆర్కిటెక్టుల సంఘం ఆవిడకి గోల్డ్ మెడల్ ఇచ్చింది 2014లో!

అసిలొమార్ కూడా తేలిగ్గా మిగల్లేదు. 1930ల మాంద్యంలో నష్టాలు వచ్చి వై.డబ్ల్యు.సి.ఎ. దాన్ని అమ్మకానికి పెట్టింది. కొనేవాడు లేక కొంతకాలం, యుద్ధంలో సైన్యం వాడుకుని కొంతకాలం గడిచాక 1956లో రాష్ట్రం పార్కుగా తీసుకుంది. అందుకే 1975లో జన్యుశాస్త్రవేత్తలు "డి.ఎన్.ఎ.ని కత్తిరించి అతికించే ఈ పని ఎంతవరకు క్షేమం?" అని తమ ప్రయోగాలకి తామే హద్దులు గీసుకోవడానికి కలిసింది ఇక్కడే. 2017లో కృత్రిమ మేధ మీద ఇలాంటి సమావేశమే జరిగి, 23 సూత్రాలు రాసుకున్నదీ ఇక్కడే. అవి 'అసిలొమార్ సూత్రాలు'గా పేరుపడ్డాయి. మన రోజువారీ ఉద్యోగాలని తలకిందులు చేస్తున్న విషయం మీద పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్న హాలు చూడాలంటే వెళ్ళాల్సింది పాలో ఆల్టో కాదు, ఈ చెక్క భవనాల దగ్గరికి.

ఆశ్రయం అన్న పేరు బాగానే ఉంది, మరి రెండో ప్రశ్న? పసిఫిక్ గ్రోవ్ 1875లో మెథడిస్టు క్రైస్తవుల వేసవి విడిదిగా, గుడారాలతో మొదలైన ఊరు. ఆ పక్కనే సముద్రం ఒడ్డున పాయింట్ అలోనెస్ అనే చోట చైనా జాలర్ల పల్లె ఉండేది. అసిలొమార్‌కి పునాది పడటానికి ఏడేళ్ళ ముందు, 1906 మే నెలలో అది తగలబడిపోయింది. వాళ్ళని అక్కడినుంచి ఖాళీ చేయించాలని భూమి సొంతదారైన కంపెనీ అప్పటికే పట్టుబడుతోంది. మంటల తర్వాత తిరిగి ఇళ్ళు కట్టుకోనివ్వకుండా కంచె వేశారు. అసిలొమార్‌కి 30 ఎకరాలు ఇచ్చింది కూడా ఆ కంపెనీయే. ఇప్పుడు ఆ పల్లె ఉన్నచోట స్టాన్‌ఫర్డ్ వాళ్ళ సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. మాంటెరే అక్వేరియం చూడటానికి వెళ్ళే మనవాళ్ళంతా ఆ చోటు పక్కనే కారు పార్కు చేస్తారు.

కార్మెల్ దాటితే బిగ్ సర్. 'పెద్ద దక్షిణం' అనే స్పానిష్ పేరు అలా కుదించుకుపోయింది. కొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగే ఆ చోట 1937 దాకా కారు రోడ్డే లేదు. కార్మెల్ నుంచి శాన్ సిమియన్ దాకా ఉన్న ముక్క కట్టడానికి 18 ఏళ్ళు పట్టింది. డైనమైటు పెట్టి కొండ కొట్టినవాళ్ళలో శాన్ క్వెంటిన్ జైలు ఖైదీలు చాలామంది. శిక్ష తగ్గుతుందన్న ఆశతో, నామమాత్రపు కూలికి, రోడ్డు పక్కన క్యాంపుల్లో పడుకుంటూ పనిచేశారు. మనందరి ఫోటోల్లో ఉండే బిక్స్‌బీ వంతెన 1932లో పూర్తయింది, 260 అడుగులకి పైగా ఎత్తు. బిగ్ సర్‌లో ఇవాళ రాత్రికి వెయ్యి డాలర్లు దాటే గదులు కూడా ఉన్నాయి. ఆ గదుల దాకా తీసుకెళ్ళే రోడ్డు వేసినవాళ్ళు పడుకున్నది కాపలా క్యాంపుల్లో.

రోడ్డు పని నడుస్తుండగా నార్వే నుంచి వలస వచ్చిన హెల్మూట్ డేట్‌జెన్ అనే ఆయన 1930లలో ఒక వాగు పక్కన రెడ్‌వుడ్ చెక్కతో గదులు కట్టడం మొదలుపెట్టాడు. అదే డేట్‌జెన్స్ ఇన్. గోడ అంటే ఒక వరస పలక, అంతే. పక్క గదిలో గురక పెడితే మీకు వినపడుతుంది. ఫోన్లు లేవు, టీవీలు లేవు. గదులకి బయటనుంచి వేసే తాళాలు కూడా చాలాకాలం ఉండేవి కావు. గదిలో ఒక నోటుపుస్తకం ఉంటుంది, వచ్చినవాళ్ళు అందులో తమకి తోచింది రాసి వెళతారు. సోషల్ మీడియా కన్నా ముందున్న గోడ అనుకోండి. 1972లో ఆయన పోయాక, ఆ చోటు మారిపోకూడదన్న ఆయన కోరిక ప్రకారం దాన్నొక ట్రస్టు కిందికి తెచ్చారు, 1990లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. ఇప్పుడు మీరు కట్టే గది అద్దె ఆ చెక్కల మరమ్మతుకే పోతుంది.

ఇంకొంచెం దక్షిణాన వేడి నీటి బుగ్గల పక్కన ఎసలెన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1962లో దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో మైకేల్ మర్ఫీ ఒకడు. ఆయన అంతకు ముందు 1950లలో పాండిచ్చేరిలో అరవిందాశ్రమంలో ఏడాదికి పైగా ఉండి వచ్చాడు. ఇంటి స్థలం వాళ్ళ నాయనమ్మది, సాధన ఆలోచన మన తూర్పుతీరానిది, పేరేమో ఇక్కడినుంచి తరిమేసిన ఎస్సెలెన్ తెగది. ఇంకా ముందుకెళితే కొండమీద న్యూ కమాల్డొలీ అనే కేథలిక్ మఠం, 1958 నాటిది. సన్యాసులు మౌనం పాటించేవాళ్ళకి గదులిస్తారు, ఏ మతమని అడగరు. రచయిత పికో అయ్యర్ 1991 నుంచి వందసార్లకి పైగా అక్కడికి వెళ్ళి ఉన్నాడు, 2025లో దానిమీద ఏకంగా పుస్తకమే రాశాడు. వాట్సాప్ లేకుండా రెండు రోజులు ఉండగలనని నమ్మకం ఉన్నవాళ్ళే బుక్ చేసుకోండి.

బిగ్ సర్ దాటి కొండ దిగాక శాన్ లూయిస్ ఒబిస్పో. మనం రోజూ వాడే ఒక మాట పుట్టిన ఊరిది. 1925 డిసెంబరులో ఆర్థర్ హైన్‌మన్ అనే ఆర్కిటెక్ట్ ఇక్కడ 'మైల్‌స్టోన్ మో-టెల్' తెరిచాడు. కారు నేరుగా గది గుమ్మం ముందు ఆపుకునే ఏర్పాటు, రాత్రికి డాలరుంపావు. 'మోటర్ హోటల్' అన్న మాట బోర్డు మీద పట్టక కుదించాడని చెబుతారు. అందరూ అదే మాట వాడేసుకున్నారు, ట్రేడ్‌మార్కు మాత్రం ఆయనకి దక్కలేదు. మిషన్ గంటగోపురాన్ని కాపీ కొట్టి ముందు ఒక గోపురం కూడా కట్టాడు. చూశారా, సైనికులు కాపలా కాసిన కట్టడం, నూరేళ్ళు తిరిగేసరికి టూరిస్టుని పిలిచే అలంకారమైపోయింది. ప్రపంచంలోనే మొదటి మోటెల్ కదా, భద్రంగా ఉందనుకుంటున్నారేమో. 1991లో మూతపడింది, 2006లో చాలాభాగం కూల్చేశారు. గోపురమూ కొన్ని గోడలూ మిగిలాయి.

అదే ఊళ్ళో మడోనా ఇన్ అని ఇంకొకటి ఉంది. ఆ పేరు పాటలు పాడే ఆవిడది కాదు, ఇంటిపేరు. రోడ్ల కాంట్రాక్టరు అలెక్స్ మడోనా, ఆయన భార్య ఫిలిస్ కలిసి 1958 క్రిస్మస్ ముందురోజున 12 గదులతో మొదలుపెట్టారు. ఇప్పుడు 110 గదులు, ఏ రెండూ ఒకలా ఉండవు. ఒక గదిలో పైకప్పూ నేలా కూడా గుహలా రాయే. గులాబీ రంగు మీద వాళ్ళకున్న ప్రేమ చూస్తే మన పెళ్ళి మంటపాలు గుర్తొస్తాయి. మేధావులు దీన్ని చూసి నవ్వుతారు. నాకైతే ఆ దంపతులు రిపోర్టులూ సర్వేలూ చూడకుండా తమకి నచ్చింది కట్టుకున్నారన్నదే నచ్చింది.

మోటెళ్ళ కాలానికి కూడా రెండో ప్రశ్న వేయాలి. డబ్బుండి, కారుండి, రంగు నల్లగా ఉన్నవాళ్ళకి గది ఇవ్వని మోటెళ్ళు దేశమంతటా ఉండేవి. అందుకే హార్లెంలో ఉంటూ పోస్టుమన్‌గా పనిచేసిన విక్టర్ గ్రీన్ 1936లో, నల్లవాళ్ళు నిర్భయంగా దిగగలిగే చోట్ల జాబితాతో ఒక పుస్తకం వేయడం మొదలుపెట్టాడు. 'గ్రీన్ బుక్' అంటే అదే. 1960ల మధ్యదాకా వచ్చింది, కాలిఫోర్నియా చిరునామాలు కూడా అందులో ఉండేవి. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక గానీ ఆ పుస్తకం అవసరం తీరలేదు. మనం రివ్యూల్లో చుక్కలు లెక్కపెడతాం. వాళ్ళు వెతికింది "ఇక్కడ మనల్ని గెంటెయ్యరు" అన్న ఒక్క మాట కోసం.

మరి మనవాళ్ళ సంగతి? 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వం కుదరదని తేల్చింది. అది 1946 దాకా అలాగే ఉంది. మధ్యలో 1942లో, జపాన్ మూలాలున్న లక్షా ఇరవై వేలమందిని ప్రభుత్వం నిర్బంధ శిబిరాలకి తరలించింది. అలా వెళ్ళాల్సి వచ్చిన ఒక యజమాని శాక్రమెంటోలో వదిలిన చిన్న హోటల్ని కాంజీ మంఛూ దేశాయ్ అనే గుజరాతీ నడపటానికి తీసుకున్నాడు. అమెరికాలో గుజరాతీల హోటల్ వ్యాపారం అక్కడ మొదలైందని చెబుతారు. ఒకడికి తలుపు మూసుకుంటే ఇంకొకడికి తెరుచుకుంది. తర్వాత పటేళ్ళు వచ్చారు, పాత మోటెళ్ళు కొన్నారు, కుటుంబమంతా అక్కడే ఉంటూ పక్కలు సర్దుకున్నారు, గదులు తుడుచుకున్నారు. 1970, 80లలో పోటీవాళ్ళు 'అమెరికన్ ఓన్డ్' అని బోర్డులు పెట్టారు, ఇన్సూరెన్సు కంపెనీలు వీళ్ళకి పాలసీలు నిరాకరించాయి. దాంతో వాళ్ళు కట్టిన సంఘాలే 1989 తర్వాత 'ఆహోవా'గా ఎదిగాయి. అమెరికాలో హోటళ్ళ 60 శాతం తమ సభ్యులవేనని ఆ సంఘం ఇప్పుడు చెబుతుంది. కాబట్టి మొదట్లో నేను వెక్కిరించిన ఆ మైక్రోవేవ్ గది వెనక కూడా చరిత్ర ఉంది. కౌంటరు దగ్గర అగరొత్తుల వాసన వస్తే ఒక్క నిమిషం ఆగి, "ఎప్పటినుంచి నడుపుతున్నారు?" అని అడిగి చూడండి.

ఇదంతా అమెరికా వాళ్ళని తప్పుపట్టడానికి రాయలేదు. మన శ్రీశైలం, తిరుపతి, కాశీ వెళ్ళి చూడండి, కులాల పేర్లతో కట్టిన సత్రాలు ఇప్పటికీ కనపడతాయి. దాత పుణ్యం కోసమే కట్టాడు, కానీ ఎవరికి అన్నది కూడా గోడ మీద రాయించాడు. మనలో చాలామంది తాతలు ఆ గోడలకి లోపలా ఉన్నారు, బయటా ఉన్నారు. బస అనేది ఎప్పుడూ ఉత్త గది కాదు, ఎవరు మనవాళ్ళు అని ఒక సమాజం తేల్చుకునే చోటు. అది తెలిసినవాళ్ళం కాబట్టే ఈ తీరం కథ మనకి ఇంకొంచెం బాగా అర్థం కావాలి.

ఇక పనికొచ్చే మాటలు నాలుగు. ఒకటి, ఇవన్నీ ఒకే ట్రిప్పులో చుట్టేద్దామనుకోకండి. మూడు రాత్రులుంటే ఒకటి దీపస్తంభం హాస్టల్లో, ఒకటి అసిలొమార్‌లో, ఒకటి శాన్ లూయిస్ ఒబిస్పోలో సరిపోతాయి. బిగ్ సర్‌ని విడిగా ఇంకోసారి పెట్టుకోండి. రెండు, లాంగ్ వీకెండుకి వారం ముందు వెతికితే వీటిలో ఏదీ దొరకదు, నెలల ముందే చూసుకోవాలి. మూడు, బయల్దేరే ముందు కాల్‌ట్రాన్స్ సైటులో రోడ్డు తెరిచి ఉందో లేదో చూడండి. 2017 మేలో మడ్ క్రీక్ దగ్గర కొండ జారితే 2018 జూలై దాకా దారి లేదు, 2021లో, 2023లో, 2024లో కూడా వేర్వేరు చోట్ల రోడ్డు తెగింది. ఆ కొండలు జారకమానవు. నాలుగు, బిగ్ సర్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే దించుకోండి. ఆన్-కాల్ డ్యూటీ వేరేవాళ్ళకి అప్పగించి వెళ్ళండి.

నా మూడో ప్రశ్న, ఎవరు నిలబెట్టారన్నది, మన చేతిలో ఉన్నది కూడా అదే. అసిలొమార్‌ని రాష్ట్రం నిలబెట్టింది, డేట్‌జెన్స్‌ని ట్రస్టు నిలబెట్టింది, మిషన్ రాంచ్‌ని ఒక సినిమా నటుడు నిలబెట్టాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాటిని బతికిస్తున్నది మాత్రం వచ్చి పడుకునే జనమే. మొదటి మోటెల్‌కి ఆ అదృష్టం పట్టలేదు. 101 మీద శాన్ లూయిస్ ఒబిస్పో ఉత్తరపు పొలిమేరలో దాని గంటగోపురం ఇప్పటికీ కనిపిస్తుంది. అటు వెళ్ళినప్పుడు పిల్లలకి చూపించండి. అక్కడ ఇప్పుడు గది దొరకదని కూడా చెప్పండి.